నీళ్ల దొంగను పట్టే పెట్టె

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా అమ్మ అంది, మా ఆయన అన్నాడు, ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ రోజూ అనేది. నేను కాదనను. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖ విజిలెన్స్ సెక్షన్లో నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫిర్యాదులు చదవడమే పని. ఎవరు ఎక్కడ తిన్నారు, ఎవరి బావమరిదికి కాంట్రాక్టు ఎలా వచ్చింది, హోటలే లేని ఊళ్లో ఎవరి టూరు బిల్లుకు హోటలు ఎలా వెలిసింది, ఇవే. అవి చదివి చదివి, కూరలవాడు నవ్వుతూ కొత్తిమీర ఊరికే వేసినా తూకంలో ఎక్కడ కొట్టాడా అని చూసేదాన్ని. చాలాసార్లు కొట్టే ఉండేవాడు.

అప్పట్లో మేం సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్లం. మెట్రో ఇంకా మా వైపు రాలేదు. మాది మొదటి అంతస్తు, రెండు గదుల ఇల్లు. నీళ్లు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వదిలేవాళ్లు. పొద్దున నేను కుళాయి కింద బిందె పెడితే దారంలాంటి ధార వచ్చేది. సరిగ్గా అప్పుడే కింది ఇంట్లోంచి గుయ్యిమని సన్నటి చప్పుడు నేలలోంచి నా అరికాళ్లకు తెలిసేది. లైనుకు నేరుగా మోటారు తగిలించి నీళ్లు లాగడం నిషేధం. దొరికితే ఇల్లు ఖాళీ చేయిస్తామని క్వార్టర్లిచ్చే ఆఫీసువాళ్లు మెట్ల దగ్గర నోటీసు కూడా అంటించారు. ఆ నోటీసు ముందే నిలబడి కింది ఇంటి హర్యానా ఆవిడ, "హమారే యహాఁ మోటర్? రామ్ రామ్! క్యా బాత్ కర్తీ హో దీదీ!" అని, తమ ఇంట్లో మోటారన్న మాటే లేదని చెంపలు వేసుకునేది. నేను నమ్మలేదు. నీళ్లు రాని రోజల్లా ఆవిడ గుమ్మం ముందుకు వెళ్లి గొడవ పెట్టుకునేదాన్ని.

సాయంత్రం మాత్రం మాకు లోటుండేది కాదు. మా ఆయనది ప్రభుత్వ ఆస్పత్రి స్టోర్సులో పని. తెల్లవారగానే వెళ్లి మూడింటికల్లా ఇల్లు చేరేవాడు. నేను చార్టర్డ్ బస్సు దిగి వచ్చేసరికి డ్రమ్ము నిండి ఉండేది. ఆ వేళకు కిందివాళ్లు ఇంట్లో ఉండరు గనక మన వంతు మనకు దక్కుతోందని అనుకునేదాన్ని. సన్నధార కింద అంతసేపు కాపలా కాసిన మా ఆయన ఓపికను మెచ్చుకునేదాన్ని కూడా. మా పైన గఢ్వాల్ కొండప్రాంతం వాళ్లుండేవారు. ఆ ఇంటి ముసలావిడ సాయంత్రాలు పార్కు పక్క చేతిపంపు నుంచి బకెట్టు మోసుకుంటూ మెట్లెక్కేది. నేను ఎదురైతే ముఖం తిప్పుకునేది. నా ఉద్యోగం చూసి కుళ్లుకుంటోందని ఆవిడ మీద కూడా నాకు అనుమానమే.

మా అమ్మాయి అప్పుడు పదకొండో తరగతి. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. బడిలో సైన్స్ ఫెయిర్ కోసం అది ఒక పెట్టె తయారు చేసింది. పెట్టెలో ఒక గాజు గొట్టం, గొట్టంలో ఎర్రరంగు కలిపిన నీళ్లు, ఆ నీళ్ల మీద తేలే బెండు బిళ్ల. పెట్టెను కుళాయికి తగిలిస్తే లైనులో నీళ్ల ఒత్తిడి ఎంతుందో ఎర్రనీళ్లు చెబుతాయి. అదే లైను మీద ఎవరైనా మోటారు వేసి లాగారనుకోండి, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. బెండు కిందికి జారి రెండు రాగి రేకులను నొక్కి కలుపుతుంది, చిన్న బల్బు వెలుగుతుంది. అంతే. నా కడుపున పుట్టిన పిల్లే అనిపించి గర్వంతో ఒళ్లు పొంగింది.

బడిలో దానికే మొదటి స్థానం వచ్చింది. ఆ తర్వాత ప్రాంతీయ స్థాయి ఫెయిర్. అక్కడ గెలిచినవాళ్లు దేశమంతటి పిల్లలు వచ్చే పెద్ద ఫెయిర్‌కు వెళతారు. దానికి ఆ పెద్ద ఫెయిర్ తప్ప మరో ధ్యాస లేదు. అన్నం తింటూ కూడా దాని మాటే. కానీ ప్రాంతీయ స్థాయిలో ఒట్టి పెట్టె చాలదట. పారదర్శకమైన గొట్టాలతో, అట్టముక్క ఇళ్లతో, నిజం మోటారుతో ఒక బుల్లి కాలనీ కట్టి, దొంగ ఎలా దొరుకుతాడో జడ్జీల కళ్ల ముందు చూపించాలి. బడివాళ్లు ఇచ్చేది ఒక బల్ల, ఒక సర్టిఫికెట్టు. మిగతాదంతా మీరే చూసుకోండన్నారు. మాకేమో అప్పుడే జీతంలోంచి హౌసింగ్ లోను కోతలు మొదలయ్యాయి. మా ఆయన ఈ సంగతి పెద్దాయన చెవిన వేశాడు.

పెద్దాయన అంటే మా వైపు తెలుగు కుటుంబాలన్నిటికీ పెద్దదిక్కు. అండర్ సెక్రటరీ. పక్క సందులో మాకంటే పెద్ద క్వార్టరు. వినాయకచవితి పందిరి, ఉగాది పచ్చడి, ఎవరింట్లోనైనా సీమంతం, ఏదైనా సరే చందా వసూలుకు ఆయనే ముందుండేవాడు. "మన పిల్ల సైన్సులో పైకి వస్తుంటే మనం చూస్తూ కూర్చుంటామా? ఈసారి చందా దీనికే" అని ప్రకటించాడు. నేను వెంటనే అనుమానించాను. చవితి చందా అనగానే తలుపు వెనక నక్కే మనిషి కూడా ఈసారి తనే వచ్చి ఇచ్చి వెళ్లాడు. రక్షణ శాఖలో పనిచేసే ఒకావిడ ఇస్తూ ఇస్తూ, "మా పిల్ల పేరు కూడా ప్రాజెక్టులో వేయకూడదా వదినా, పేరేగా" అని నసిగింది. కుదరదన్నాను. ఆవిడ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచి ముఖం మాడ్చుకుని పోయింది.

పెద్దాయన ఉత్సాహం వెనక ఉన్న సంగతి త్వరలోనే బయటపడింది. "జడ్జీల్లో ఒకాయన మనవాడే అమ్మాయ్! నీళ్ల శాఖలో పెద్ద ఇంజినీరు. మనవాడు!" అన్నాడు. ఢిల్లీలో ఈ మాటకున్న బరువు అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. మనవాడు ఎవరో, ఏ ఊరివాడో, మంచివాడో చెడ్డవాడో అక్కర్లేదు. ఆ ఇంజినీరు కంట్లో పడాలని పెద్దాయన తహతహ. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దవాళ్ల పరిచయాలు మూటగట్టి దాచుకోవడం ఆయనకు సరదా అని మా ఆయన, ఏదో పని పడి ఉంటుందని నేను.

చందా డబ్బు రూపంలోనే కాదు, వస్తువుల రూపంలో కూడా వచ్చింది. ఒకరు తీగలు, ఒకరు పెద్ద బల్ల. పెద్దాయన భార్య ఒక వెడల్పాటి స్టీలు తొట్టి ఇచ్చింది. దాని అంచు మీద దంపతుల పేర్లు తెలుగులో కొట్టించి ఉన్నాయి. ఆవిడకది అలవాటు. ఆ మాటకొస్తే మా అందరికీ అలవాటే. పేరంటాలకూ పూజలకూ మా గిన్నెలు ఇంటింటికీ తిరుగుతాయి గనక పేరు లేనిదే మళ్లీ ఇల్లు చేరవు. బజారులో గిన్నెల కొట్టు ముందు కూర్చునే పేర్లు చెక్కేవాడికి తెలుగు రాదు. మనం కాగితం మీద రాసిస్తే బొమ్మ చూసి గీసినట్టు గీసేవాడు. అందుకే మా తెలుగువాళ్ల గిన్నెల మీద అక్షరాలన్నీ ఒక పక్కకు ఒరిగి ఉండేవి. పెద్దాయన భార్యయితే గరిటెలు, దువ్వెన డబ్బా, ఇస్త్రీ పెట్టె, దేన్నీ వదల్లేదు.

మా అమ్మాయి ఒక పాత మోటారు కావాలని అడిగింది. మర్నాడే పెద్దాయన ఇంటి నుంచి వచ్చింది. "ఇంట్లో ఊరికే పడుందమ్మా, మాకు ఇంకోటుంది" అని కబురు. ఇంకొకటి ఎందుకుంది? మోటార్లు ఒకటి పడి ఉండడం, ఒకటి వాడుకలో ఉండడం ఏ ఇంట్లో జరుగుతుంది? మోటారును తిరగేసి చూశాను. ఇనుప మూత మీద ఒరిగిన అక్షరాలతో ఆవిడ పేరు నిక్షేపంలా ఉంది. నాకు నవ్వాగలేదు. దొంగ మోటారు మీద పేరు చెక్కించుకున్న ఇల్లాలు ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉందా అనిపించింది.

"మీరు వాళ్లకు ప్రాజెక్టు గురించి ఏం చెప్పారు?" అని మా ఆయనను అడిగాను.

"నీటి సమస్య మీద అని చెప్పా."

"దొంగల్ని పట్టిస్తుందని చెప్పలేదా?"

"వాళ్లు అడగలేదుగా" అన్నాడు, పేపరు మీంచి కళ్లెత్తకుండా.

ఫెయిర్‌కు ముందు ఆదివారం పొద్దున పెద్దాయన ఇంట్లో అందరినీ పిలిచారు. చందా ఇచ్చినవాళ్లకు ప్రాజెక్టు చూపించాలి కదా. ఉప్మా, కాఫీ. బుల్లి కాలనీ ఇంకా పూర్తి కాలేదని మా అమ్మాయి పెట్టె మాత్రం తీసుకెళ్లి వాళ్ల వంటింటి కుళాయికే తగిలించింది. నీళ్లొచ్చే వేళ. అందరూ ఉప్మా ప్లేట్లతో వంటింటి గుమ్మం దగ్గర మూగారు. మా అమ్మాయి గొంతు సవరించుకుని, ఎవరైనా లైనుకు మోటారు తగిలించి నీళ్లు లాగితే ఈ బల్బు వెలుగుతుందని హిందీలో మొదలుపెట్టింది. "జబ్ కోయీ లైన్ పే మోటర్ లగాకర్ పానీ ఖీంచ్‌తా హై, తో యే బత్తీ జల్తీ హై."

అది మాట ముగించే లోపే బల్బు వెలిగింది.

 వాళ్ల బాత్‌రూమ్‌లోంచి గుయ్యిమని చప్పుడు అందరికీ వినబడింది. ఇంత మందికి కాఫీ గ్లాసులు కడగాలి కదా అని పెద్దాయన భార్య అప్పుడే మోటారు వేసి వచ్చినట్టుంది. ఆవిడ గరిట చేతిలో పట్టుకునే లోపలికి వెళ్లింది. చప్పుడు ఆగింది. బల్బు ఆరిపోయింది. చూశారా, ఆగిపోయిందన్నట్టు మా అమ్మాయి అమాయకంగా "దేఖా? బంద్ హో గయా" అంది. నేను మాత్రం బల్బును కాదు, మనుషులను చూస్తున్నాను. అందరి చూపులూ ప్లేట్లలోకి దిగిపోయాయి. ఆ గదిలో నిర్దోషులు ఎవరూ లేరని నా సెక్షన్ అనుభవం చెప్పింది. కడుపు నిండినంత తృప్తిగా ఇంటికొచ్చాను.

సాయంత్రం పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. ఎన్నడూ మా మెట్లెక్కని మనిషి.

"ఏమ్మా, పిల్లలకు తెలియదు, మనకన్నా ఉండొద్దూ?" అన్నాడు. "ఆ ఇంజినీరు మనవాడు. తెలుగు చదవగలడు. బల్ల మీద మా ఆవిడ పేరుతో మోటారు పెట్టి, ఇది దొంగ మోటారని మీ అమ్మాయి హిందీలో ఉపన్యాసం ఇస్తే నా గతేంటి? నోటీసు నువ్వూ చూశావుగా. క్వార్టరు పోతే ఈ వయసులో ఊరవతల ఏ ఇందిరాపురమో పోయి అద్దెకుండాలా?"

"ఆయన కంట్లో పడాలనే కదండీ మీరు పేర్లున్న సామాను ఇచ్చింది" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నీతో మాటలొద్దు" అని మా ఆయన వైపు తిరిగాడు. "ప్రాజెక్టు కొంచెం మార్చు నాయనా. నీళ్లు ఆదా చేసేదిగా పెట్టండి. చందా ఎవరూ వెనక్కి అడగరు. రేపు మనం మనం మొహాలు చూసుకోవాలి."

మా ఆయన తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ మనిషికి నోరెప్పుడు పెగులుతుందా అని చూస్తున్నాను. ఇంతలో మా అమ్మాయి లోపలి నుంచి వచ్చింది. తొట్టి, మోటారు రెండూ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. "అంకుల్, ఆప్ కా సామాన్ లే జాయియే. ప్రాజెక్ట్ నహీఁ బదలేగా" అంది. మీ సామాను మీరు పట్టుకెళ్లండి, ప్రాజెక్టు మాత్రం మారదని. పెద్దాయన తొట్టి చంకలో పెట్టుకుని, మోటారు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతుంటే కింది ఇంటి ఆవిడ తలుపు సందులోంచి చూసింది. ఆవిడ మీద అనుమానం ఆ క్షణంలో ఇంకాస్త పెరిగింది నాకు.

తొట్టి బదులు ప్లాస్టిక్ టబ్బు దొరికింది. మోటారు మాత్రం దొరకలేదు. సగం చందా గొట్టాలకే అయిపోయింది. అది లేకపోతే ప్రాజెక్టు లేదు, పెద్ద ఫెయిరూ లేదు. పిల్ల అన్నం ముట్టలేదు. ఏడవలేదు గానీ గాజు గొట్టాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. తుడిచిందే తుడిచింది. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బల్ల మీద ఒక మోటారు ఉంది. పేరు లేదు.

"కబాడీవాడి దగ్గర దొరికింది" అన్నాడు మా ఆయన.

దాన్ని అన్ని వైపులా తిప్పి చూశాను. గొట్టం మూతిలో ఇంకా తడి ఉంది. అడిగితే "కడిగాను" అన్నాడు. పాతసామాను వాడు ఎంతకు అంటగట్టాడో, మా ఆయన బేరం ఆడాడో లేదో అన్నదే నా అనుమానమంతా. ఆ సాయంత్రం డ్రమ్ము సగం కూడా నిండలేదు. కిందివాళ్లు సాయంత్రం కూడా మొదలుపెట్టారన్నమాట అనుకున్నాను. వెళ్లి అడుగుతానంటే మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఫెయిర్ ఒక పెద్ద బడి హాల్లో పెట్టారు. పిల్లల అరుపులు, జిగురు వాసన, అడుగడుగునా అగ్నిపర్వతాలు, గాలిమరలు. మా బల్ల దగ్గర బుల్లి కాలనీలో అట్టముక్క ఇళ్లకు మా అమ్మాయి కిటికీలు కూడా గీసింది. మేమిద్దరం వెనక వరసలో కుర్చీల్లో కూర్చున్నాం. చందా ఇచ్చినవాళ్లలో ఒక్కరూ రాలేదు. ఇంజినీరుగారు వచ్చారు. నెరిసిన జుట్టు, మెడలో బ్యాడ్జి. అంతా విన్నారు. మోటారు వేయించారు, బల్బు వెలిగింది, ఆపించారు, ఆరింది. అప్పుడాయన కళ్లద్దాలు సర్దుకుని మోటారును చేతిలోకి తీసుకున్నారు. దాన్ని వెలుతురుకు తిప్పి చూస్తూ తెలుగులో అడిగారు.

"ఇది బాగా వాడిన మోటారమ్మా. లైను మీద వాడిందే. ఎక్కడిది?"

కబాడీవాడి దగ్గర కొన్నామని చెబుతుందని నేననుకున్నాను.  మా అమ్మాయి తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ జవాబు చెప్పింది. ఇంట్లో మాతో కూడా మాట్లాడని తెలుగులో.

"మా ఇంట్లోదే అంకుల్. సాయంత్రం మా నాన్న వేసేవాడు, మమ్మీ వచ్చే లోపల తీసి దాచేవాడు. నేను ఫస్ట్ టెస్ట్ దీని మీదనే చేశాను. మా పైన దాదీ ఉంది. ఈ మోటర్ వేస్తే ఆమె ట్యాప్‌లో నీళ్లు ఆగిపోతాయి. నేను పెట్టె ఆమె ఇంట్లో పెట్టి చూశాను."

 పక్కకు తిరిగాను. మా ఆయన ముఖంలో రక్తం లేదు. ఇంజినీరుగారు మా వైపు చూశారు, మళ్లీ పిల్ల వైపు చూశారు.

"ఇప్పుడూ వాడుతున్నారా?"

"లేదండీ" అని మా ఆయన లేచి నిలబడ్డాడు.  "ఇదిగో, ఇక్కడుంది కదండీ."

ఆయన మోటారు బల్ల మీద పెట్టి చేతులు దులుపుకున్నారు. "ఇవాళ నేను జడ్జిని. నీళ్ల శాఖ వాణ్ణి రేపట్నుంచి" అన్నారు. కాగితం మీద ఏదో రాసుకుని పక్క బల్లకు వెళ్లారు.

ఫలితాలు చెప్పేదాకా మేం ముగ్గురం ఆ కుర్చీల్లోనే కూర్చున్నాం. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, తర్వాత మళ్లీ కోపం వచ్చింది. ఇల్లు పోతుందేమోనని భయం కూడా వేసింది. ఆ ముసలావిడ బకెట్టు మోస్తూ నన్ను చూసి ముఖం తిప్పుకోవడం కళ్ల ముందు మెదిలింది. ఊరందరి ఫిర్యాదులు చదివే నాకు, నా ఇంటి గురించిన ఫిర్యాదు ఒకటి రోజూ మెట్లెక్కుతుంటే కనబడలేదు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను మా అమ్మాయితో.

అది నా వైపు చూడలేదు. "ఆప్ పూఛ్‌తీ నహీఁ హో మమ్మీ. ఆప్ ఇన్‌క్వైరీ కర్తీ హో."

నువ్వు అడగవు, విచారణ జరుపుతావు.  మా ఆయన వైపు తిరిగి, "మీరెందుకు కొన్నారది? సాయంత్రం వచ్చిన కాసిన్ని నీళ్లు మనకు చాలవా?" అన్నాను.

 "నీళ్ల కోసం కాదే" అన్నాడాయన. "నీళ్లు లేని రోజల్లా నువ్వు కిందివాళ్ల మీదికి యుద్ధానికి పోతున్నావు. ఆవిడ మొగుడు నన్ను బజార్లో ఆపి మీ ఆవిణ్ణి కాస్త చూసుకోండి భాయీసాబ్ అన్నాడు. ఇంట్లో డ్రమ్ము నిండి ఉంటే నువ్వు ఊరుకుంటావని కొన్నా."

అప్పుడే మైకులో మా అమ్మాయి పేరు పిలిచారు. పెద్ద ఫెయిర్‌కు ఎంపికైన వాళ్లలో మొదటి పేరు అదే. అది కుర్చీ తన్నేసి వేదిక మీదికి పరిగెత్తింది. తల్లిదండ్రులు కూడా రావాలని మళ్లీ పిలిచారు. మా ఆయన లేవలేదు. కుర్చీ అంచున కూర్చుని నా ముఖంలోకి చూస్తున్నాడు. వాంగ్మూలం ఇవ్వడానికి మా సెక్షన్‌కు వచ్చినవాళ్లు, చెప్పాల్సింది చెప్పేశాక, అలాగే కూర్చుని అలాగే చూసేవాళ్లు. ఆ చూపు నా ఇంట్లో ఎన్నేళ్ల నుంచి ఉందో నాకు తెలియదు. "పదండి, పిల్ల చూస్తోంది" అన్నాను. నేను లేచి నిలబడి చెయ్యి చాపితే తప్ప ఆయన కదల్లేదు.